అరువు గొంతు

జూన్ 3, మంగళవారం

హనుమంతు మాస్టర్ మా ఇంటికి వచ్చి టీ అడిగాడంటే ఎవరిదో ఒకరి ఎముకకు ఎసరు పెట్టినట్టే. ఒకప్పుడు మాస్టర్ వచ్చి వెళ్లిన వారంలోనే మా ఆయన భుజానికో మోకాలికో కట్టుతో ఇల్లు చేరేవారు. ఈయన సినిమాల్లో డూప్ పని మానేసి, ఫిల్మ్‌నగర్‌లో బైకుల షెడ్డు పెట్టుకుని చాలా కాలమైంది కదా, పాత స్నేహం కొద్దీ వచ్చాడనుకున్నాను. అల్లం దంచి మరీ టీ పెట్టాను. ఇప్పుడు నాకు ఆ అల్లం మీద కూడా కోపంగానే ఉంది.

వచ్చింది ఈయన కోసం కాదు, మా అమ్మాయి హిమజ కోసం.

ఆయన ఫైట్ మాస్టర్‌గా చేస్తున్న కొత్త సినిమాలో హీరోయిన్ బైకు మీద దూసుకొచ్చి, ర్యాంప్ ఎక్కి, అడ్డంగా ఆగి ఉన్న లారీ మీదుగా దూకుతుందట. హీరోయిన్ బొంబాయి పిల్ల, సైకిల్ కూడా తొక్కలేదట. ఇలాంటివాటికి ఇన్నాళ్లూ మగపిల్లలకు విగ్గు పెట్టి కానిచ్చేవారు. ఇప్పటి కెమెరాలకు మగవాళ్ల భుజాలు దొరికిపోతున్నాయని, హిమజ బండి నడపడం తను చూశానని, దాని చేతుల్లో బండి చెప్పిన మాట వింటుందని మాస్టర్ చెప్పుకుపోయాడు. మా అమ్మాయి అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. హెల్మెట్ కూడా తీయకుండా, అందులోంచే "చేస్తా మాస్టర్" అంది.

మాస్టర్ తల అడ్డంగా ఊపాడు. ఆయనకొక పద్ధతి ఉంది. బండి ఎక్కేవాళ్ల నోటితోనే వినాలి, అదీ వాళ్లు ఆలోచించుకున్నాక వినాలి. తండ్రి చెప్పినా, మొగుడు చెప్పినా లెక్కలోకి రాదు. ఒక్కసారే అడుగుతాడు. సరే అంటే సరే. వద్దంటే ఎందుకని అడగడు, బతిమాలడు, ఆ మాట మళ్లీ ఎత్తడు. వద్దన్నవాళ్లను ఎవరైనా ఎగతాళి చేస్తే వాళ్లను పనిలోంచి తీసేస్తాడు. ఆ పద్ధతి పుణ్యాన ఈయన ఇంకా రెండు కాళ్ల మీద నడుస్తున్నారు కాబట్టి నేను దాన్ని తప్పుపట్టలేను. రెండు వారాలు పోయాక ఫోన్ చేస్తాను, అప్పుడు చెప్పు అని హిమజకు చెప్పి వెళ్లాడు.

ఆయన తాగిన కప్పు రెండుసార్లు కడిగాను.

జూన్ 4, బుధవారం

మాట్లాడటం లేదు. హిమజతో కాదు, ఈయనతో. నిన్న మాస్టర్ అడుగుతుంటే ఈయన నవ్వారు కనక.

జూన్ 6, శుక్రవారం

మాట్లాడాను. ఎన్నాళ్లని బిగుసుకుని కూర్చుంటాను, షేక్‌పేట మనిషితో మౌనవ్రతం పట్టి గెలిచినవాళ్లు లేరు. మనం మాట్లాడటం లేదన్న సంగతే ఆయనకు తెలియదు.

నా మొహం చూసి కాబోలు, నిన్న హిమజను కూర్చోబెట్టి వద్దని చెప్పారు. కళ్లు కూడా పెద్దవి చేశారు. అది నా కోసం చేస్తున్న నటన అని ముగ్గురికీ తెలుసు. ఆయన నటన ఎప్పుడూ బాగుండదు, అందుకే జీవితమంతా వీపు చూపించి బతికారు. హిమజ అంతా విని, నా వయసులో నువ్వు ఎవరిని అడిగి చేశావు డాడీ అంది. ఈయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. దూకడం అది ఎటూ నేర్చుకుంటుంది, పడటం ఎలాగో మనమే నేర్పాలి కదా పద్మా, అన్నారు చివరికి. ఇదీ మా ఇంటి పెద్దమనిషి ఇచ్చిన తీర్పు.

నాకు నవ్వొచ్చింది, పాత సంగతి గుర్తొచ్చి. నేను రేపల్లె నుంచి వచ్చి డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో, తెర మీద ఒక హీరోయిన్ బండి మీద వెనక్కి తిరిగి వెళుతుంటే, ఈ అమ్మాయి నడుము భలే ఉందండీ అన్నాను ఇంజనీరుతో. వెనక కుర్చీలోంచి ఎవరో పొలమారినట్టు దగ్గారు. ఆ నడుము ఈయనది. విగ్గు పెట్టుకుని, చున్నీ కట్టుకుని చేసిన షాట్ చూసుకోవడానికి వచ్చి కూర్చున్నారు. ఆ నడుమునే పెళ్లి చేసుకున్నాను. తర్వాత ఎన్ని సినిమాల్లో హీరోయిన్ వీపు ఈయనది, గొంతు నాది. మధ్యలో మొహం మాత్రం ఎవరో ఒక అమ్మాయిది.

ఈ బొంబాయి పిల్లకు కూడా నేనే చెప్పాలి. ముందే మాట అయిపోయింది. యాభై దగ్గరపడుతున్నా గొంతుకు మాత్రం ఇరవై రెండు దాటనివ్వలేదు నేను.

జూన్ 8, ఆదివారం

టోలిచౌకి నుంచి ఈయన బిర్యానీ తెచ్చారు. ప్లేట్లు పెట్టేదాకా బాగానే ఉంది.

నేను మర్యాదగానే మొదలుపెట్టాను. ఉద్యోగం ఉంది, ఆదివారాలు ఆడపిల్లలకు బండి నేర్పే సరదా ఉంది, లారీల మీదుగా దూకడం ఎందుకమ్మా అన్నాను. ఎవరో బొంబాయి అమ్మాయికి చప్పట్లు కొట్టించడానికి నీ మెడ పణంగా పెట్టాలా అన్నాను. నీ పేరు కూడా తెర మీద సరిగా వెయ్యరు అన్నాను. ఈ చివరిది అనకుండా ఉండాల్సింది. నా పేరు వేస్తారా ఏమిటి.

హిమజ ఎముక పక్కన పెట్టి, చేయి కడుక్కుని వచ్చి మరీ చెప్పింది. కోపం లేదు దాని గొంతులో. కోపం ఉంటే నేను గెలిచేదాన్ని.

"అమ్మా, రోజూ ఆఫీసుకు పోయేటప్పుడు ఫ్లైఓవర్ మీద ఎవడో ఒకడు ఫోన్ చూసుకుంట నా మీదికొస్తడు. ఆ రిస్కు నేను అడిగి తెచ్చుకున్ననా? అది నీకు ఓకే. నేర్చుకుని, లెక్క చూసుకుని, నా ఇష్టంతోని తీసుకునేది ఇదొక్కటే. ఇదే వద్దంటవ్."

ఈయన బిర్యానీలో తల పెట్టేశారు. దాని మాటకు జవాబు ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా తట్టడం లేదు. కానీ జవాబు దొరకనంత మాత్రాన తల్లి భయం తప్పయిపోతుందా? అవదు.

జూన్ 12, గురువారం

నేను చూడటానికి వెళ్లలేదు. ఈయన టిఫిన్ డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. డబ్బా మర్చిపోయేలా షెల్ఫు వెనక పెట్టింది నేనే అనుకోండి. ఎవరిని అనుకోండి అంటున్నానో, ఇది చదివేది నేనే కదా.

నార్సింగి అవతల ఖాళీ స్థలంలో ఈయన చిన్న ర్యాంప్ వేయించారు. అటువైపు ఖాళీ అట్టపెట్టెలు గోడలా పేర్చి, మీద పరుపులు పరిచారు. మొదట పడటం. బండి వదిలేసి, గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లడం. హిమజ పడ్డ ప్రతిసారీ నా చేతిలో డబ్బా చప్పుడైంది. ఈయన మాత్రం ఒక్కసారి కూడా పరిగెత్తి వెళ్లలేదు. లేచేదాకా ఆగి, "మెడ బాగుంది. మోచెయ్యి లోపలికి పెట్టు బిడ్డా" అంటున్నారు. అదే గొంతుతో దానికి అక్షరాలు దిద్దించారు.

తర్వాత దూకింది. ఆగకుండా రాసేస్తాను, లేకపోతే అబద్ధమవుతుంది. చాలా బాగుంది. నేల విడిచిన ఆ కాస్తసేపు దాని భుజాలు వదులుగా, తల నిటారుగా ఉన్నాయి. అంత నిమ్మళంగా దాన్ని నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. నా కడుపులోంచి పుట్టిందేనా ఇది అనిపించింది. గర్వంతో ఏడుపొచ్చింది. వెంటనే భయంతో కూడా వచ్చింది. రెండూ ఒకే కొంగుతో తుడుచుకుని ఆటో ఎక్కాను.

జూన్ 14, శనివారం

ఈయన పడ్డ షాట్ గుర్తొస్తోంది. హిమజకు అప్పుడింకా మాటలు రాలేదు. బండి ర్యాంప్ దాటి పక్కకు వాలిపోయింది. తుంటిలో రాడ్ వేశారు. సినిమాలో ఆ షాట్‌నే ఉంచారు, చాలా సహజంగా వచ్చిందని. దానికి హీరోయిన్ అరుపు కావాలి. ఈయన ఆసుపత్రిలో కట్లతో పడుకుని ఉండగా, తెర మీద ఈయన పడిపోతుంటే దాని ముందు నిలబడి నేను అరిచాను. భలే వచ్చింది మేడమ్ అన్నారు అందరూ. అది నటన కాదని ఎవరితోనూ అనలేదు. ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంది. వచ్చినప్పుడల్లా ఈయన టీవీ సౌండు పెంచుతారు, నేను వంటింట్లోకి పోతాను.

ఇదంతా హిమజకు చెప్పాలి. చెబితే బెదిరించినట్టు ఉంటుంది. చెప్పకపోతే దాచినట్టు ఉంటుంది.

జూన్ 17, మంగళవారం

దొండకాయ వేపుడు మాడింది. హిమజ స్నానానికి వెళ్లినప్పుడు దాని ఫోన్ మోగింది. హనుమంతు మాస్టర్. తీశాను. ఎక్కువసేపు మాట్లాడలేదు. వేపుడు మాడింది అందుకే.

జూన్ 18, బుధవారం

సరే, రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంక ఈ పుస్తకం ఎందుకు.

మాస్టర్ "హిమజా?" అన్నాడు. నేను పద్మ వదినను అని చెప్పడానికే నోరు తెరిచాను. నోట్లోంచి హిమజ వచ్చింది.

దాని గొంతు నాకు కష్టం కాదు. నా గొంతుకు పక్కింటిదే. కొంచెం ముక్కులోంచి లాగి, మాట చివర విరిచి, తండ్రి యాస కలిపితే హిమజ. చిన్నప్పుడు దాని గొంతుతో దాన్నే ఆటపట్టించేదాన్ని. మాస్టర్ మామూలుగా అడిగాడు, ఆలోచించుకున్నావా బిడ్డా, చేస్తావా అని. నేను, అంటే హిమజ గొంతుతో నేను, "నాతోని కాదు మాస్టర్. భయమేస్తోంది" అన్నాను. ఆయన "మంచిది బిడ్డా. చెప్పినవు, సంతోషం" అని పెట్టేశాడు. ఎందుకని అడగలేదు. అడగడని నాకు తెలుసు. ఆ పద్ధతిని నమ్ముకునే మాట్లాడానని ఇప్పుడు కాగితం మీద చూస్తే కనిపిస్తోంది.

ఫోన్‌లోంచి ఆ కాల్ తీసేశాను. నేను తల్లిని, దొంగను కాదు. హిమజ తల తుడుచుకుంటూ వచ్చి, ఏదో మాడు వాసన వస్తోంది అంది.

జూన్ 21, శనివారం

హిమజ ఫోన్ పట్టుకుని తిరుగుతోంది. నువ్వే ఒకసారి మాస్టర్‌కు చేయరాదా అని ఈయన అంటే, అడిగేది ఆయన కదా, నేను అడుక్కున్నట్టు ఉంటుంది అంది. తండ్రి పోలికే. సాయంత్రం షెడ్డుకు బండి ఇవ్వడానికి వచ్చిన ఫైటర్లు చెప్పారట, ఆ షాట్‌కు ఒక కుర్రాడికి విగ్గు కొలతలు తీసుకున్నారని.

అది విని హిమజ బండి కడుగుతూ కూర్చుంది. కడిగిన చోటే కడుగుతూ ఉంది.

నేను పెసరట్లు వేశాను, ఉప్మా కూడా చేశాను. రెండు తిని మూడోది వద్దంది.

జూన్ 24, మంగళవారం

ఆఫీసుకు మెట్రోలో వెళుతోంది. బండి మీద గుడ్డ కప్పి ఉంది. అంటే ఫ్లైఓవర్ భయం కూడా తీరింది నాకు. ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లి దానికిష్టమైన కూరగాయలన్నీ తెచ్చాను. ప్రాణం హాయిగా ఉంది.

హాయిగానే ఉంది.

ఇంట్లో చప్పుడే లేదు. బాత్‌రూమ్‌లో పాటలు కూడా పాడటం లేదు. మాస్టర్‌కు నా మీద నమ్మకం పోయి ఉంటుంది, ర్యాంప్ దగ్గర నా తప్పేదో చూసి ఉంటాడు, అందట తండ్రితో. ఏం తప్పు చేశానో చెప్పినా దిద్దుకునేదాన్ని కదా అందట. ఈయన నాతో ఈ మాట చెబుతున్నప్పుడు నేను చింతపండు పిసుకుతున్నాను. పిసుకుతూనే ఉన్నాను.

జూన్ 27, శుక్రవారం

పట్టుబడ్డాను. ఒక్క మాట దగ్గర.

మధ్యాహ్నం ఈయన మాస్టర్ దగ్గరికి వెళ్లారు. మాస్టర్ ఈయన్ని కౌగిలించుకున్నాడట. నీ బిడ్డ బంగారం కమలాకర్, ఇంత చిన్న వయసులో భయమని ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి, నాకు ఆ రోజు కళ్లు చెమ్మగిల్లాయి అన్నాడట. సరిగ్గా ఏమందని ఈయన అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాడట.

ఈయన వచ్చి, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోరు, తుంటి నొప్పి. నేను బెండకాయలు తరుగుతున్నాను.

"భయమేస్తోంది అన్నదంట. మన బిడ్డ గట్ల అంటదా పద్మా? పుట్టినకాడికెల్లి అది భయమైతుంది అనే అన్నది. భయమేస్తోంది అనేటోళ్లు ఈ ఇంట్ల ఒక్కరే ఉన్నరు."

నేను తరగడం ఆపలేదు. ముప్పై ఏళ్ల పని నాది. చిత్తూరు, శ్రీకాకుళం, ఏ యాస అడిగితే ఆ యాస, ఒక్క పొల్లు పోనిచ్చేదాన్ని కాదు. ఆ రోజు మిగతా వాక్యమంతా హిమజే. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి రేపల్లె వచ్చేసింది. నిజంగా భయం వేసినప్పుడు మనిషికి అరువు యాస రాదు కాబోలు.

ఈయన తిడతారని ఎదురుచూశాను. తిడితే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. కత్తిపీట మీద నుంచి నా చేయి తీసి తన చేతిలో పెట్టుకున్నారు.

"భయం నీది. గొంతు దానిది. నాకేమన్న అయితదని ఇన్నేండ్లు నువ్వు భయపడ్డవ్, కానీ నా తరఫున ఎన్నడు వద్దని చెప్పలే. దానికెందుకు చెప్పినవ్?"

మీరు మొగుడు, అది నా ప్రాణం అన్నాను. ఏడుపులో ఏం మాట్లాడానో నాకే తెలియదు. ఆయన నొచ్చుకోలేదు. నవ్వి, నువ్వే చెప్పు దానికి, నేను చెప్పను అన్నారు.

జూన్ 28, శనివారం

చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. మంచం అంచున కూర్చుని మొత్తం విని, "ఎట్లన్నవో అట్లనే చెయ్యి. నేను వింట" అంది. నేను చేయలేనన్నాను. చెయ్యమంది. చేశాను. నా బిడ్డ ముందు, నా బిడ్డ గొంతుతో, నాతోని కాదు మాస్టర్ అన్నాను. నా మాట కాదు అది, దాని మాట కూడా కాదు. గదిలో ఎవరో మూడో మనిషి మాట్లాడినట్టుంది.

"అచ్చం నా లెక్కనే ఉంది," అంది హిమజ. "అందరు నేను భయపడ్డ అనుకుంటున్నరు. అది కాదు బాధ. వద్దనాలన్నా నేనే అనాలె కదమ్మా. అది కూడా నాకు ఉంచలే నువ్వు."

క్షమించు అన్నాను. దాని పాదాలు పట్టుకునేంత పని చేస్తే కోప్పడింది. తలుపు దగ్గర ఆగి ఒక్కటే అంది. మాస్టర్ ఒప్పుకుని తను ఆ షాట్ చేస్తే, దానికి గొంతు మాత్రం నన్ను ఇవ్వద్దంది. సరే అన్నాను. నా పనిలో ఇంతవరకూ ఏ షాటూ వదులుకోలేదు. ఇది వదులుకున్నాను.

జూలై 1, మంగళవారం

ముగ్గురం మాస్టర్ ఇంటికి వెళ్లాం. వానలకు షూటింగ్ ఆగి ఉందట, ఆ ఒక్కటీ దేవుడి దయ. నేను చేసిన పని చెప్పాను. మాస్టర్ అంత పెద్ద మనిషి నోరు తెరుచుకుని, నన్ను, హిమజను మార్చి మార్చి చూశాడు. వద్దన్నవాళ్లను మళ్లీ అడగనన్న పద్ధతి ఉంది కదా, ఇప్పుడెలా అని ఈయన నసిగారు.

వద్దన్నది హిమజ కాదు కనక తను హిమజను ఇంకా అడగనట్టే లెక్క అని మాస్టర్ తేల్చాడు. ఆ మనిషికి దండం పెట్టాలి. అప్పుడు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు.

"వదినా, జర ఒక గుక్క నోట్ల పోసుకోండి. మింగద్దు."

పోసుకున్నాను. బుగ్గలు ఉబ్బించుకుని, పూరీలా నిలబడ్డాను. అప్పుడు హిమజ వైపు తిరిగి అడిగాడు, చేస్తావా బిడ్డా అని. హిమజ నన్ను చూసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి దాని పెదవి చివర నవ్వు కదిలింది.

"చేస్తా మాస్టర్."

నీళ్లు మింగేశాను. కళ్లలోంచి వచ్చినవి మాత్రం ఆ నీళ్లు కావు. ఈయన నా వీపు నిమిరారు. మాస్టర్ భార్య టీ పెట్టింది. అల్లం ఎక్కువ వేసింది.

జూలై 13, ఆదివారం

ఇవాళే షాట్. నన్ను రావద్దంది. నువ్వుంటే నేను నిన్ను చూస్తా, ర్యాంప్‌ను చూడను అంది. నిజమే. పెద్దమ్మ గుడికి వెళ్లనా అంటే, వెళ్లు కానీ నా పేరు మీద మొక్కులు మొక్కకు, నేను గుండు చేయించుకోలేను అంది. వెళ్లి దండం మాత్రం పెట్టుకుని వచ్చాను. ఏమీ అడగలేదు. అడిగాను. కొంచెం.

ఈయన దానికి మోచేతి కవచాలు కడుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. జాగ్రత్త అనబోయి ఆపుకున్నాను. ఆ మాట విసుగు పుట్టించడానికి తప్ప ఎందుకు పనికొచ్చింది. బాగా చెయ్యి అన్నాను. అది వెనక్కి వచ్చి హెల్మెట్‌తోనే నన్ను ముద్దు పెట్టుకోబోయింది. నుదురు బొప్పి కట్టింది.

ఈయన ఫోన్ చేసేదాకా ఇల్లంతా తుడిచాను, పక్కింటివాళ్ల మెట్లు కూడా తుడిచాను. ఫోన్‌లో ఈయన మాట్లాడలేకపోయారు. ముక్కు చీదుకుంటున్న చప్పుడు విని నా ప్రాణం పోయింది. "మంచిగుంది పద్మా. మంచిగుంది. నాకంటె మంచిగ చేసింది" అన్నారు, మాట అందాక. మోచెయ్యి గీసుకుపోయిందట, అంతే.

కూర్చున్నాను. చీపురు చేతిలో అలాగే ఉంది.

ఆగస్టు 12, మంగళవారం

డబ్బింగ్‌లో ఆ రీలు వచ్చింది. డైరెక్టరుతో ముందే మాట్లాడాను, ఈ ఒక్క షాట్‌కు గొంతు మా అమ్మాయి ఇస్తుందని. సరే, ఒకసారి విని చూద్దాం అన్నాడు. హిమజ సెలవు పెట్టి, బండి మీద వచ్చింది. నేను ఆటోలో వచ్చాను. ఇంజనీరు ప్రణతి దానికి హెడ్‌ఫోన్లు పెట్టి గాజు గదిలో నిలబెట్టింది. నేను ఇవతల ప్రణతి పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్లలో ఇంకొకరు మైకు ముందు ఉంటే నేను ఇటువైపు కూర్చోవడం ఇదే మొదటిసారి.

కాగితం మీద, హీరోయిన్ భయంతో అరుస్తుంది, అని ఉంది.

తెర మీద మొదటిసారి చూశాను. బండి, ర్యాంప్, లారీ, ఆకాశం. వీపు చూడగానే తెలిసిపోయింది. తండ్రి వీపే, కాస్త సన్నగా.

హిమజకు అరుపు రాలేదు. బొమ్మ వెళ్లిపోయింది, అది బిత్తరపోయి నిలబడింది. రెండోసారి సిగ్గుపడి నవ్వింది. లోపలికి మాట వెళ్లే బటన్ మీదికి నా చేయి వెళ్లింది. కడుపులోంచి పీల్చు, గొంతుతో కాదు, రెండు మాటలు చెబితే చాలు. చేయి వెనక్కి తీసుకుని దాని మీద కూర్చున్నాను. అక్షరాలా కూర్చున్నాను. ప్రణతి వింతగా చూసింది.

హిమజ బయటికి వచ్చి తన హెల్మెట్ తీసుకెళ్లింది. హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి అది తగిలించుకుంది. హీరోయిన్ కూడా హెల్మెట్‌లోనే ఉంది కదా, సౌండ్ సరిపోతుందిలెండి మేడమ్ అంది ప్రణతి. బొమ్మ మొదలైంది.

అరవలేదు. ముక్కుతో గాలి పీల్చింది. ర్యాంప్ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. గొంతు అడుగున సన్నగా వణికింది. ఆ వణుకు ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు, దాన్ని అమ్ముకునే కదా ఇన్నాళ్లూ బతికాను. హిమజ భయపడింది. నార్సింగిలో దాన్ని చూసి, దీనికి భయమంటే తెలియదు, అందుకే దీని వంతు కూడా నేనే భయపడాలి అనుకున్నాను. తెలుసు దానికి. ఆ భయాన్ని ఒళ్లో పెట్టుకునే బండి నడిపింది. బండి నేల విడిచినప్పుడు దాని దగ్గర అసలు చప్పుడే లేదు. చక్రాలు కిందికి తగిలాక ఊపిరి వదిలి, మెల్లగా, "అయిపాయె" అంది.

ఇంత చిన్న మాట నాకు ఎప్పటికీ తట్టేది కాదు. నేను అయితే అరిచేదాన్ని, అందరూ భలే వచ్చింది అనేవాళ్లు.

ప్రణతి అలవాటు కొద్దీ నా వైపు తిరిగింది, ఓకేనా మేడమ్ అని.

"నన్ను కాదు. ఆ అమ్మాయిని అడుగు," అన్నాను.

ప్రణతి బటన్ నొక్కి అడిగింది. హిమజ హెల్మెట్ అద్దం పైకెత్తింది. గాజులోంచి నా వైపు ఒకసారి చూసి, ప్రణతికి చెప్పింది.

"ఇంకొకటి చేస్త. కిందికి వచ్చేకాడ జర తొందరపడ్డ."

బొమ్మ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. నేను ఇవతల నోరు మూసుకుని విన్నాను.